మానడానికీ ఒక చోటు కావాలి



మన దేశంలో పొగాకు వాడేవాళ్ళు ఎంతమంది అని అడిగితే చెప్పడానికి ఒక లెక్క ఉంది. 2016-17లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంటింటికీ తిరిగి చేయించిన సర్వే ప్రకారం, పదిహేనేళ్ళు నిండినవాళ్ళలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. మగవాళ్ళలో నూటికి 42.4 మంది, ఆడవాళ్ళలో 14.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద నూటికి 20 మంది, తెలంగాణలో 17.8 మంది. బీడీ తాగేవాళ్ళెందరు, సిగరెట్ తాగేవాళ్ళెందరు, ఖైనీ నమిలేవాళ్ళెందరు, అన్నీ అందులో విడివిడిగా ఉన్నాయి. అయితే ఆ పట్టికల్లో గడులు రెండే. మగ, ఆడ. 2011 జనాభా లెక్కల్లో ఈ రెండూ కాక ‘ఇతరులు’ అన్న గడిలో దేశం మొత్తం మీద 4 లక్షల 88 వేల మంది దాకా నమోదయ్యారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43 వేల పైచిలుకు. వాళ్ళలో పొగ తాగేవాళ్ళెందరు, మానాలనుకుంటున్నవాళ్ళెందరు అన్నది ఆ సర్వే పట్టికల్లో వెతికితే దొరకదు.

లెక్కలో పేరు లేనివాళ్ళ కోసం కరపత్రం కూడా అచ్చు కాదు. పొగ మానండని మనం వేసే పోస్టర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు. ‘మీ కుటుంబం కోసం మానండి’ అని కింద పెద్దక్షరాలు. పదిహేనో ఏట చీర కట్టుకుందని చావబాది ఇంట్లోంచి గెంటేస్తే బయటికొచ్చిన మనిషి ఆ పోస్టర్ ముందు నిలబడి ఏమనుకోవాలి? ఏ కుటుంబం కోసం మానాలి?

నేను పొగాకు మాన్పించే కౌన్సెలింగ్ పని చేస్తాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో మాట్లాడుతూ నేర్చుకున్నవి, వైద్యశాస్త్రం చెబుతున్నవి, రెండూ కలిపి ఇవాళ మీ ముందుంచుతాను.

సికింద్రాబాద్ వైపు ఒక హిజ్రాల ఇంటికి వెళ్ళినప్పటి సంగతి. గురువమ్మకు అరవై దాటాయి. ఇంట్లో చేలాలు, అంటే ఆమె శిష్యులు, అయిదుగురు. పొద్దున డబ్బులడగడానికి దుకాణాలకు పోయే హడావుడి. ఒకరు అద్దం ముందు, ఒకరు పొయ్యి దగ్గర. గురువమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన బీడీ కట్ట, అగ్గిపెట్టె, తమలపాకుల డబ్బా. నేనెందుకొచ్చానో చెప్పేసరికి నవ్వింది.

“మానుమని చెప్పనీకి వచ్చినవా బిడ్డా? నేను పుట్టినప్పట్సంది అందరూ నాకు చెప్పేది అదే. చీర మాను, కాటుక మాను, ఆ నడక మాను. అన్నీ మానుకుంట పోతే ఇగ నేనేడ ఉంటా?”

ఆ మాటకు నా సంచిలోని కరపత్రాలు బయటికి తీయబుద్ధి కాలేదు. “మానమని అనను అమ్మా. ఎప్పుడెప్పుడు తాగుతారో అది మాత్రం చెప్పండి” అన్నాను. ఆమె బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ చెప్పింది. పొద్దున లేవగానే ఒకటి, కడుపు కదలడానికి. బజారుకు పోయే ముందు ఒకటి, ధైర్యానికి. ఎవరన్నా కూడని మాట అంటే ఒకటి, తిరిగి తిట్టకుండా ఉండడానికి. మధ్యాహ్నం అన్నం దొరకకపోతే రెండు, ఆకలి చంపడానికి. రాత్రి పడుకునే ముందు ఒకటి. “అదెందుకమ్మా?” అన్నాను. “ఊకెనే. అప్పుడు ఎవ్వరుండరు గద” అంది. పొయ్యి దగ్గరున్న చిన్న చేలా అందుకుని, “అమ్మ అగ్గిపెట్టె కనిపియ్యకపోతే మా అందరికీ తిట్లే అక్కా” అంది. అందరూ నవ్వారు.

ఆ కణుపుల లెక్కలో నాకు కావలసినదంతా ఉంది. ఒక బీడీ ఆకలికి, ఒకటి భయానికి, ఒకటి కోపానికి, ఒకటి ఒంటరితనానికి. మిగతావాళ్ళకు వీటిలో చాలావాటికి వేరే దిక్కు ఉంటుంది. ఆకలేస్తే హోటల్లోకి వెళ్ళి కూర్చోవచ్చు. మనసు బాగాలేకపోతే అక్కకు ఫోన్ చేసుకోవచ్చు. ఆఫీసులో ఎవరైనా మాట తూలితే పై అధికారికి చెప్పుకోవచ్చు. హోటల్ గుమ్మం దగ్గరే ఆపేస్తే, అక్క ఫోన్ ఎత్తడం మానేస్తే, తిట్టినవాడి మీద ఫిర్యాదు చేయబోయిన చోట తిరిగి తిట్లే పడితే, ఆ పనులన్నీ వేళ్ళ మధ్య ఉన్న ఆ చిన్న బీడీయే చేయాల్సి వస్తుంది. కాబట్టి బీడీ లాక్కుంటే సరిపోదు. అది చేస్తున్న పని ఇంకెవరు చేస్తారన్నది కూడా చూడాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే.

పొగ మానడం ఒంటరి మనిషి పంతంతో జరిగే పని అని మనలో చాలామంది అనుకుంటారు. ఏ సాయమూ లేకుండా మానడానికి పూనుకున్నవాళ్ళలో ఆరు నెలలో, ఏడాదో గడిచాక కూడా పొగ జోలికి పోకుండా నిలిచేవాళ్ళు నూటికి ముగ్గురి నుంచి అయిదుగురే అని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. మరి మన కళ్ళముందే ఏటా కార్తీక మాసంలో వేలాదిమంది మగవాళ్ళు సిగరెట్ పక్కన పెట్టేస్తున్నారు కదా! అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచి మండలం రోజులు పొగ లేదు, మందు లేదు. నిన్నటిదాకా రోజుకు పెట్టె ఊదినవాడు చన్నీళ్ళ స్నానం చేసి తెల్లారేసరికి గుడిలో ఉంటాడు. ఎలా సాధ్యమైంది? భక్తి ఉంది, సరే. దానితో పాటు ఇంకొన్ని ఉన్నాయి. తోటి స్వాములు ఉన్నారు. కలిసి కూర్చోవడానికి సన్నిధానం ఉంది. వేళకు భిక్ష పెట్టే ఇల్లు ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నల్లబట్టలు కట్టిన మరుక్షణం నుంచి ఆటో డ్రైవర్ దగ్గర నుంచి ఆఫీసరు దాకా అందరూ ‘స్వామీ’ అని పిలుస్తారు. నలుగురూ అంత గౌరవం ఇచ్చాక సిగరెట్ ముట్టించడానికి చెయ్యి రాదు. మాల తీశాక ఆ పిలుపు, ఆ గుంపు, ఆ వేళలు అన్నీ పోతాయి. చాలామంది చేతికి మళ్ళీ సిగరెట్ వస్తుంది.

తోడు, చోటు, వేళకు తిండి, నోరారా ఒక గౌరవమైన పిలుపు. మానే శక్తి మనిషికి చాలావరకు వీటి నుంచే వస్తుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మనం దొరకనివ్వకుండా చేసినవి సరిగ్గా ఈ నాలుగే. ఆ పైన మనమే ‘వీళ్ళకు నిగ్రహం లేదు’ అంటాం.

ఇక సిగరెట్‌కూ, ఆడతనం మగతనాలకూ ఉన్న ముడి సంగతి. ట్రాన్స్ పురుషులు, అంటే ఆడపిల్లలుగా పెంచినా తాము మగవాళ్ళమని ఎరిగినవాళ్ళు, కొందరు నాతో చెప్పిన మాట ఇది. టీ బడ్డీ దగ్గర నలుగురు మగపిల్లల మధ్య నిలబడి దమ్ము లాగినప్పుడే మొదటిసారి తమను మగవాడిగా లెక్కలోకి తీసుకున్నారని. ట్రాన్స్ మహిళల పరిస్థితి దీనికి తలకిందులు. నలుగురిలో సిగరెట్ కాలిస్తే ‘ఇంకా మగబుద్ధి పోలేదు’ అంటారేమోనని కొందరు బాత్‌రూములో కాలుస్తారు. కొందరు అసలు పొగ మాని, ఎవరికీ కనబడని జర్దాకూ ఖైనీకీ మళ్ళుతారు. పొగ పోయిందే గానీ పొగాకు పోలేదు. ఊపిరితిత్తుల బదులు నోరు బలవుతుంది.

నిజానికి సిగరెట్‌కు ఆడ, మగ అంటగట్టింది కంపెనీలే. మార్ల్‌బొరో సిగరెట్ 1924లో అమెరికాలో వచ్చినప్పుడు అది ఆడవాళ్ళ సిగరెట్. మే నెలంత మృదువుగా ఉంటుందని ప్రకటనలు. లిప్‌స్టిక్ మరక కనబడకుండా కొసకు ఎర్రరంగు కూడా వేశారు. అమ్మకాలు పుంజుకోకపోయేసరికి 1954-55లో లియో బర్నెట్ అనే ప్రకటనల కర్త దాన్ని గుర్రమెక్కిన పశువుల కాపరి చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ప్రపంచంలో అంతకన్నా మగసిగరెట్ లేదన్నట్టయింది. అంతకు ముందు 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచారవేత్త, సిగరెట్ కంపెనీ తరఫున, కొందరు యువతుల చేత నడివీధిలో సిగరెట్లు వెలిగింపజేసి, అవి స్వేచ్ఛాజ్యోతులని పత్రికల్లో రాయించాడు. మన దగ్గర చూడండి. శ్రీకాకుళం, విశాఖ తీరాన పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టకు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అక్కడ చుట్ట అంటే ఆడతనానికి లోటని ఎవరూ అనుకోలేదు. అంగిలికి వచ్చే క్యాన్సర్ మాత్రం ఆ అలవాటు వెంటే వచ్చింది. పొగకు ఆడా మగా తేడా లేదు. మగవాణ్ణని నిరూపించుకోవడానికి ఎవరూ సిగరెట్ కాల్చనక్కర్లేదు. ఆడదాన్నని నిరూపించుకోవడానికి దాచుకుని ఖైనీ నమలనక్కర్లేదు.

సమాజం తోసేసినవాళ్ళను సిగరెట్ కంపెనీలు మాత్రం వదలలేదు. 1990ల నడుమ ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక అమ్మకాల పథకం వేసుకుంది. గురిపెట్టింది రెండు పేటల మీద. స్వలింగ సంపర్కులు ఎక్కువగా ఉండే కాస్ట్రో ఒకటి. ఇల్లూవాకిలీ లేనివాళ్ళు, ట్రాన్స్ మహిళలు బతికే టెండర్‌లాయిన్ రెండోది. కోర్టు వ్యాజ్యాల పుణ్యమా అని ఆ కాగితాలు బయటపడ్డాయి. పథకానికి వాళ్ళు లోపల్లోపల పెట్టుకున్న పొట్టిపేరుకు మురికి, చెత్త అని అర్థం. డబ్బు తీసుకునేటప్పుడు ఖాతాదారు, కాగితం మీద మాత్రం చెత్త! అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో 1991 నుంచి ‘ది లాస్ట్ డ్రాగ్’ అని ఉచిత తరగతులు నడిచాయి. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమలో తాము కూర్చుని, ఒకరి కథ ఒకరు వింటూ పొగ మానడం వాటి పద్ధతి. అక్కడ ఎవరూ ఎవరికీ తమ సంగతి మొదటి నుంచి వివరించుకోనక్కర్లేదు.

మానాలన్న కోరిక వీళ్ళకు లేదనుకోకండి. అమెరికాలో ఆరు వేలకు పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను అడిగి 2011లో ఒక సర్వే వెలువరించారు. నూటికి 30 మంది రోజూనో అప్పుడప్పుడో పొగ తాగుతామన్నారు. అప్పటి అమెరికా పెద్దవాళ్ళ సగటు 21 దాకా ఉంది. పొగ తాగేవాళ్ళలో మానాలని ఉందన్నవాళ్ళు నూటికి 70 మంది. అడిగేవాళ్ళుంటే అవునంటారు.

ఇప్పుడు శరీరం సంగతి. గుండెపోటు, క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు అందరికీ ఉన్నవే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వీటికి తోడు ప్రత్యేకంగా తెలియాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది హార్మోన్లు. చాలామంది ట్రాన్స్ మహిళలు డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని, ఎక్కువ వేసుకుంటే రొమ్ములు త్వరగా పెరుగుతాయని రోజుకు రెండూ మూడూ మింగుతుంటారు. వాటిలో ఉండే ఇథినైల్ ఎస్ట్రడయాల్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. పొగ కూడా అదే చేస్తుంది. రెండూ కలిస్తే కాలి సిరల్లో గడ్డ కట్టి, అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ముప్పై అయిదేళ్ళు దాటి పొగ తాగే ఆడవాళ్ళకు ఈ మాత్రలు రాయడానికి డాక్టర్లు వెనకాడేది అందుకే. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పి పుడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఇంకో సంగతి. పొగ తాగేవాళ్ళ కాలేయం ఈస్ట్రోజెన్‌ను త్వరత్వరగా విరిచేస్తుంది. నోటితో వేసుకున్న మాత్ర ఫలితం తగ్గిపోతుంది. ‘నాకు పని చేయడం లేదు’ అని ఇంకో మాత్ర కలుపుకుంటారు. దాంతో ప్రమాదం పెరుగుతుంది. కలపాల్సింది మాత్ర కాదు, తియ్యాల్సింది సిగరెట్.

ట్రాన్స్ పురుషులు తీసుకునే టెస్టోస్టిరాన్ రక్తంలో ఎర్రకణాలను పెంచుతుంది. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వల్ల కూడా శరీరం ఎర్రకణాలను పెంచుకుంటుంది. రెండు వైపుల నుంచీ రక్తం చిక్కబడుతుంది. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు డాక్టరు చెప్పిన గడువుల్లో రక్తపరీక్ష చేయించుకోవాలి, పొగ తాగే విషయం దాచకుండా చెప్పాలి.

రెండోది, శరీరాన్ని తమ జెండర్‌కు తగ్గట్టు మార్చుకునే ఆపరేషన్. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది. ఆపరేషన్‌లో చర్మాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి కుట్టినప్పుడు దానికి నెత్తురు అందకపోతే అది నల్లబడి ఊడిపోతుంది. ఏళ్ళ తరబడి రూపాయి రూపాయి కూడబెట్టి చేయించుకున్న ఆపరేషన్ చెడిపోవడానికి అదొక్కటి చాలు. అందుకే ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత గాయం మానేదాకా పొగ ఉండకూడదంటారు సర్జన్లు. కొందరు మూత్రంలో కోటినిన్ పరీక్ష కూడా చేస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్ వాడుతున్నా ఆ పరీక్షలో బయటపడుతుంది, కాబట్టి ముందే చెప్పేయడం మంచిది. హిజ్రాల సంప్రదాయంలో నిర్వాణం, అంటే మగ అవయవాలు తీయించుకోవడం, అయ్యాక నలభై రోజులు గది దాటకుండా, తోటివాళ్ళు కనిపెట్టుకుని ఉండే ఆచారం ఉంది. పొగ మానినప్పుడు కలిగే చిరాకు, నిద్రలేమి, తలనొప్పి మొదటి వారంలో బాగా ఉండి, నాలుగు వారాలకు చాలావరకు చల్లబడతాయి. అంటే మనిషిని కాచుకుని ఉండడానికి పెద్దలు పెట్టిన ఆ గడువు పొగ మానడానికి కూడా సరిపోతుంది. పద్ధతి ఇంట్లోనే ఉంది, దీనికి కూడా వాడుకుంటే చాలు.

మూడోది గొంతు. పొగ వల్ల స్వరతంత్రులు వాచి, గొంతు బరువెక్కి, స్థాయి దిగి బొంగురుపోతుంది. గొంతు సన్నగా, మెత్తగా ఉండాలని రోజూ సాధన చేసే ట్రాన్స్ మహిళకు ఇంతకన్నా నష్టం ఏముంటుంది? క్యాన్సర్ బొమ్మ చూపిస్తే కదలని ఒకామె, ఈ సంగతి చెప్పేసరికి నా ముందే చేతిలోని సిగరెట్ నలిపేసింది. మనిషిని కదిలించే కారణం ఎక్కడుంటుందో అడిగితేనే తెలుస్తుంది.

నాలుగోది హెచ్‌ఐవీ, క్షయ. హెచ్‌ఐవీతో ఉండి మందులు క్రమంగా వాడేవాళ్ళు ఇప్పుడు నిండు జీవితం గడుపుతున్నారు. డెన్మార్క్ పరిశోధకులు అలాంటివాళ్ళ లెక్కలు తీస్తే, ముప్పై అయిదేళ్ళ మనిషి ఆయుష్షులో హెచ్‌ఐవీ తీసుకుపోయేది అయిదేళ్ళు, సిగరెట్ తీసుకుపోయేది పన్నెండేళ్ళు అని తేలింది. హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మాత్ర ఒక్కపూట కూడా తప్పకుండా వేసుకుంటూ, అదే చేత్తో బీడీ వెలిగిస్తే, మందు నిలబెట్టిన ఆయుష్షును పొగ కాజేస్తుంది. క్షయ వచ్చే ముప్పు కూడా పొగ తాగేవాళ్ళకు ఎక్కువ.

మరి ఎలా మానాలి?

గురువమ్మ చేసినట్టే ముందు కణుపుల లెక్క వేయండి. ఏ వేళ, ఎందుకు. ఆకలి కోసం తాగేదానికి మందు తిండే. సంచిలో వేయించిన శనగలో, అటుకులో, అరటిపండో పెట్టుకోండి. ధైర్యం కోసం తాగేదానికి తోడు కావాలి. ఒంటరిగా కాక ఇద్దరు కలిసి బయల్దేరండి. కోపం వచ్చినప్పుడు మంచినీళ్ళు తాగి, అక్కడి నుంచి ఇరవై అడుగులు నడవండి. తాగాలన్న తహతహ ఎంత గట్టిగా వచ్చినా మూడు నుంచి అయిదు నిమిషాల్లో తగ్గుతుంది. అంతసేపు దాటించడమే పని. పాన్ షాపులో లూజు సిగరెట్ కొనడం, అక్కడ వేలాడే లైటర్‌తో వెలిగించడం అలవాటైతే, మొదటి కొన్ని వారాలు ఆ షాపు లేని దారిన వెళ్ళండి.

నిద్ర లేచిన అరగంటలోపు వెలిగించేవాళ్ళకు నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు. వాళ్ళకు మందుసాయం ఉంటే మేలు. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే వెక్కిళ్ళు, కడుపులో మంట. నాలుగైదుసార్లు మెల్లగా నమలాలి. నాలుక చురుక్కుమనగానే ఆపి, దవడకు, బుగ్గకు మధ్య నొక్కి ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. అలా అరగంట వస్తుంది. టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పని చేయదు, పావుగంట ఆగాలి. నికోటిన్ ప్యాచ్‌లు, వారెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు కూడా ఉన్నాయి. ఇవి డాక్టరు చూసి ఇవ్వాలి. హార్మోన్లు, ఏఆర్‌టీ, మూర్ఛ మందులు ఏవి వాడుతున్నా చెప్పాలి. ఈ-సిగరెట్‌కు మారతామని కొందరు అడుగుతారు. 2019 నుంచి మన దేశంలో వాటి అమ్మకం నిషేధం. నికోటిన్ అందులోనూ ఉంది.

మానిన ఇరవై నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. పన్నెండు గంటలకు రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు, పొగ తాగేవాళ్ళతో పోలిస్తే, సగానికి పడిపోతుంది. మధ్యలో ఒకటి తాగేస్తే అంతా పోయినట్టు కాదు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. చాలామంది మానింది పలు ప్రయత్నాల తర్వాతే.

సికింద్రాబాద్ ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆ ఇల్లు ముందుగా పెట్టుకున్న నియమం ఒకటే. అందరూ పడుకునే గదిలో పొగ వద్దని. తర్వాత ఇద్దరు చేలాలు కలిసి మొదలుపెట్టి పూర్తిగా మానేశారు. ఒకరు బీడీ వదిలి ఖైనీలోకి దిగారు, ఆమెతో ఇంకా మాట్లాడుతున్నాం. గురువమ్మ పగటి బీడీలు మానేసింది. రాత్రిది మిగిలింది. ఆ వేళకు చిన్న చేలా వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అలవాటు చేసుకుంది. “నా బీడీకి పోటీ వచ్చింది ఇది” అని గురువమ్మ ఫిర్యాదు.

ఇప్పుడు మిగతావాళ్ళం చేయాల్సింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, తమ జెండర్ ఏదో తామే చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉందని చెప్పింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వైద్యంలో వివక్ష చూపకూడదంది. ఇవన్నీ ఆస్పత్రి చీటీల కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతున్నాయి? చీర కట్టుకుని వచ్చిన మనిషిని ఆధార్ కార్డులోని పాత పేరుతో గట్టిగా పిలిస్తే, వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూస్తారు. ఆమె చీటీ అక్కడే వదిలేసి గేటు దాటి వెళ్ళిపోతుంది. గేటు బయట పాన్ షాపు ఉంటుంది. దగ్గు చూపించుకుందామని వచ్చిన మనిషి చేతికి సిగరెట్ అందించింది ఆ పిలుపే.

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మిత్ర్ అనే క్లినిక్ మొదలైంది. దేశంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ఏర్పడ్డ మొట్టమొదటి సమగ్ర క్లినిక్ అది. అక్కడ పని చేసేవాళ్ళలో చాలామంది కూడా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆస్పత్రిలో వైద్యాధికారులుగా చేరి, తెలంగాణలో ప్రభుత్వ వైద్య కొలువులో చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లయ్యారు. 2025 మొదట్లో తనకు అందుతున్న అమెరికా సాయం ఆగిపోయేసరికి మిత్ర్ మూతపడింది, తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. విదేశీ నిధి ఆగితే మూతపడే చోటు మీద ఎవరైనా ఎంతకాలం ఆధారపడగలరు? ఇలాంటి చోటు ప్రతి జిల్లా ఆస్పత్రిలో, మామూలు ఓపీలోనే ఉండాలి. అందుకు కొత్త భవనం అక్కర్లేదు. చీటీ రాసే ఉద్యోగి ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని అడిగితే మొదటి మెట్టు ఎక్కినట్టే. హార్మోన్ల కోసం వచ్చినా, ఏఆర్‌టీ కోసం వచ్చినా, పొగాకు సంగతి కూడా మర్యాదగా అడిగి, సాయం చేయగలమని చెప్పడం రెండో మెట్టు. వచ్చే సర్వేలో మూడో గడి పెట్టడం ప్రభుత్వం పని.

దుకాణదారులకూ ఒక మాట. బదాయికి, అంటే దీవించి డబ్బులడగడానికి, వచ్చినవాళ్ళకు డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా, ఎండలో వచ్చిన మనిషికి ఓ గ్లాసు మంచినీళ్ళిచ్చి, అమ్మా అని పలకరిస్తే మీకు పోయేదేం లేదు. గురువమ్మ లెక్కలో కనీసం ఒక కణుపు తగ్గుతుంది. తల్లిదండ్రులకు ఇంకో మాట. మీరు దూరం పెట్టిన బిడ్డ ఫోన్ చేస్తే ఎత్తండి.

మానాలనుకునేవాళ్ళకు జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800 11 2356. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద ఆ నంబరే అచ్చయి ఉంటుంది. ఫోన్‌లో మీ ముఖం కనబడదు. మీకు నచ్చిన పేరే చెప్పండి, ఆ పేరుతోనే మాట్లాడమనండి. వీలైతే ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఇద్దరు కలిసి మొదలుపెడితే ఒకరు తడబడినప్పుడు రెండోవాళ్ళు పట్టుకుంటారు.